పింఛం లేని నెమలికి బహిరంగ లేఖ

చిరంజీవి నెమలికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు కూడా బీరువా పై అరలో, జాకెట్టు ముక్కల సంచిలో, తలా మెడా పూర్తయి పింఛం మొదలుపెట్టీ పెట్టనట్టుగా సుఖంగానే ఉన్నావని తెలుస్తోంది. పండక్కి చీర తీద్దామని చెయ్యి పెడితే నువ్వే తగులుతావు. గాజుల పెట్టె కోసం వెతికినా నువ్వే. పల్లెత్తు మాట అనవు. ఆ ఒంటి నల్ల కన్నుతో ఒక చూపు చూస్తావు, అంతే. ఇక ఆ పూటంతా టీవీ ముందు కూర్చుంటే చేతులు ఊరికే ఉన్నాయన్న బెంగ, సూది పట్టుకుంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియని బెంగ. నిన్ను కుట్టుపని అనడం మర్యాదకే. నువ్వు గుమ్మంలో కూర్చున్న అప్పులవాడివి. అసలెంతో చెప్పవు, లేచి పోవు.

ఆ అసలేదో మేమే లెక్క కడతాం. నువ్విన్నాళ్ళు నెగ్గుకొచ్చింది ఎవరూ లెక్క వేయకపోవడం వల్లనే కదా. నువ్వు క్రాస్ స్టిచ్ బొమ్మవి, అంటే గడికో × ఆకారపు కుట్టు. నువ్వున్నది 14 కౌంట్ ఐడా క్లాత్ అనే గళ్ళ గుడ్డ మీద, అంటే అంగుళానికి 14 గళ్ళు. ఏ గడిలో ఏ రంగో చూపే చార్టు అడ్డం 140 గళ్ళు, నిలువు 196. బొమ్మ 10 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు. మొత్తం 27,440 గళ్ళు. కుట్టినవెన్నో తెలుసుకోవడం ఐదు నిమిషాల పని: చార్టులో పదేసి గళ్ళకు ఒక లావు గీత ఉంటుంది, నిండిన పెట్టెలు లెక్కపెట్టి వందతో హెచ్చవేయడమే. నీకు 9,000 వచ్చాయి. మిగిలినవి 18,440. అందులో పింఛం 7,440. తక్కిన 11,000 ఒట్టి ఆకాశం.

చెయ్యి తిరిగినవాళ్ళు ఒకే రంగు పరుచుకున్న చోట గంటకు 150 గళ్ళు లాగుతారు. గడిగడికీ రంగు మారే పింఛంలో 60 దాటితే గొప్ప. ఆ చొప్పున ఆకాశానికి 73 గంటలు, పింఛానికి 124. రోజుకు అరగంట కూర్చుంటే 13 నెలలు. మరి "ఇంకో నాలుగు రోజులు కూర్చుంటే అయిపోతుంది" అని ఇంట్లో ప్రచారం చేయించిందెవరు? నువ్వు కాదూ?

ఆకాశం సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 8 మీటర్ల దారం కట్టలో 6 పోగులుంటాయి. 14 కౌంట్ మీద 2 పోగులతో కుడితే కట్టకు 1,600 నుంచి 1,800 గళ్ళు వస్తాయి. అంటే ఏమీ లేని ఆకాశాన్ని చూపించడానికి 6, 7 కట్టలు. గుడ్డ ఎలాగూ లేత రంగే, దాన్నే ఆకాశం అనుకోమంటే వద్దన్నదెవరు? చార్టు గీసినవాడు అడగడానికి రాడు. తల చుట్టూ ఇప్పటికే కుట్టిన నాలుగు వేళ్ళ మేఘాన్ని విప్పక్కర్లేదు. దాని అంచు నుంచి ఒక పది గళ్ళ మేర ఒంటి పోగుతో, సగం క్రాసుతో, అంటే ఒక్క ఏటవాలు గీతతో, అక్కడక్కడా చెదురుగా కుట్టి వదిలేస్తే పొగమంచులా కరిగిపోతుంది. 13 నెలల శిక్ష 8 నెలలకు తగ్గుతుంది.

పింఛం మాత్రం నీ అసలు కుట్ర. ఈక మీది ఒక్కో కన్ను 12 గళ్ళ వెడల్పు, 14 గళ్ళ ఎత్తు, 168 గళ్ళలో 6 రంగులు. మూడు గళ్ళు నెమలికంఠం నీలం, ఒక గడి పసుపు, రెండు గళ్ళు రాగి, మళ్ళీ నీలం. ఒకే సూదితో కుట్టేవాళ్ళు ప్రతి రంగుకీ దారం తెంచి, వెనక నాలుగు కుట్ల కింద దూర్చి, మళ్ళీ ఎక్కించేసరికి కుట్టిన సేపు కన్నా ఎక్కించిన సేపే ఎక్కువవుతుంది. వెనక దారపు కొసలు పేరుకుని సూది దిగదు. దీనికి మందు ఆరు సూదులు. రంగుకొకటి ఎక్కించి, పనిలేని సూదిని ఆ రంగు మళ్ళీ రావలసిన గడి దగ్గర పైకి తీసి ఆపాలి. మొండి మొన ఉన్న 24 నంబరు సూది 14 కౌంట్‌కి సరిపోతుంది. దారం 45 సెంటీమీటర్లకు మించకూడదు. ఎక్కించడానికి బద్ధకించి మూర పొడుగు దాటించారా, గుడ్డలోంచి మాటిమాటికీ రాసుకుని పీచు లేస్తుంది, చివరి పది కుట్లు మసకబారతాయి. దారం మెలి తిరిగినప్పుడు సూదిని కిందికి వేలాడదీస్తే దానంతటదే విప్పుకుంటుంది. ఇది తెలిసీ ఎవరూ చేయరు.

అన్నిటికన్నా నీచమైన ఎత్తు ఒకటుంది. ఆపేసి నెలల తరవాత మళ్ళీ చేపట్టినప్పుడు నువ్వు చేసే మోసం. క్రాసులో పై గీత మొదటి నుంచీ ఒకే వాలులో పడాలి. మెడ దాకా కుడివైపుకు వాలి, పింఛంలో ఎడమవైపుకు వాలితే దగ్గరగా చూసినా పట్టుబడదు. గోడకు తగిలించాక పక్క నుంచి వెలుతురు పడితే మెడ మెరుస్తుంది, తోక వెలవెలబోతుంది. రంగు అదే, పడుకున్న తీరు వేరు. అలాగే పోగులు. అప్పుడు 2 పోగులతో కుట్టినది ఇప్పుడు గుర్తులేక 3తో మొదలుపెడితే తోక బరువెక్కి కూర్చుంటుంది. కాబట్టి మళ్ళీ మొదలుపెట్టే రోజున ఒక్క కుట్టు కూడా వేయకుండా ముందు నిన్ను తిరగేసి చూస్తాం. ఎన్ని పోగులు, పై గీత ఎటు, ఏ పెట్టెలో ఆగింది అన్నవి ఒక కాగితం మీద రాసి చార్టుతో పాటు ఉంచుతాం. నీ మీద మాకున్న నమ్మకం అంతమాత్రమే.

ఒక గడి పక్కకు జరిగిన తప్పు నలభై వరుసల తరవాత బయటపడుతుంది, రెండు ఈకలు కలవాల్సిన చోట కలవనప్పుడు. ఆకుల్లో జరిగితే పక్క కుట్టుతో సర్దేయొచ్చు, ఏ దేవుడూ అడగడు. కంటిలో జరిగితే మాత్రం విప్పాల్సిందే. సూదితో లాగి లాగి విప్పితే గుడ్డ రంధ్రాలు సాగుతాయి. పై గీతను మధ్యలో చిన్న కత్తెరతో తెంచి, ముక్కలను వెనక నుంచి పట్టకారుతో తీయాలి. ఆ దారం మళ్ళీ వాడొద్దు.

రంగు నంబర్ల విషయానికి వద్దాం. దారం కట్ట మీది కాగితపు పట్టీలను నువ్వేం చేశావు? ఎవరికీ అనుమానం రాని రంగు నలుపొక్కటే. డీఎంసీ కంపెనీ దారంలో అది 310, యాంకర్ కంపెనీ దారంలో 403. నీలాలు నీలో నాలుగున్నాయి, ట్యూబులైటు కింద నాలుగూ ఒకటే. పొద్దుటి వెలుతురులో, కుట్టిన ముక్క పక్కన పెట్టి చూసుకోవాలి. కొట్లో ఒక కంపెనీ నంబరు అడిగితే మరో కంపెనీ నంబరు సమానమని పట్టిక చూసి ఇస్తారు. అది దగ్గరి చుట్టమే తప్ప అదే రంగు కాదు. అదే కంపెనీ, అదే నంబరు దొరికినా, ఏళ్ళ తరవాత కొంటే అద్దకం వేరయి ఒక పిసరు తేడా రావచ్చు. పాత దారం కాస్త మిగిలి ఉంటే పాత పోగొకటి, కొత్త పోగొకటి కలిపి కొన్ని వరుసలు కుట్టి, ఆ తరవాత పూర్తిగా కొత్తదానికి మారితే కంటికి ఆనదు. పాతది మొత్తం అయిపోయాక వెళ్తే ఆ దారీ మూసుకుపోతుంది.

ఇక నువ్వు సంచిలో కూర్చుని ఒళ్ళు పాడుచేసుకున్న తీరు. గుడ్డను బిగించి పట్టే కుట్టు రింగును విప్పకుండానే లోపల పెట్టారు కదా, దాని అంచున పట్టిన మురికి గుండ్రటి గీతగా మిగిలింది. గుచ్చి వదిలేసిన సూది కాకినాడ, విశాఖ గాలికి తుప్పు పట్టింది, దాని చుట్టూ గోధుమరంగు చుక్క. పనయ్యాక ప్రతిసారీ రింగు విప్పాలని, సూదిని గుడ్డ అంచున కూడా వదలకూడదని నీ కిట్ మీద రాసి ఉండదు. ప్లాస్టిక్ కవరులో చుడితే వానాకాలం బూజు పడుతుంది. మడత పెడితే మడత గీత ఊడదు. గొట్టానికి చుట్టి, ఉతికిన నూలు దిండు గలీబులో పెట్టాలి.

పసుపు చేతి గురించి వేరే చెప్పాలి. మరక చూసి కంగారుపడి సబ్బు రుద్దితే పసుపు కాస్తా ఎర్రబడుతుంది, క్షారం తగిలిన పసుపు తీరే అంత. కుట్టని అంచు మీదయితే కడిగి ఎండ చూపిస్తే క్రమంగా వెలుస్తుంది. కుట్ల మీద పడితే ఎండ పెట్టడానికీ లేదు, దారం రంగు కూడా వెలుస్తుంది.

గుడ్డ మీద పదేసి గళ్ళ గీతలు గీసిన పెన్ను మాటేమిటి? నీళ్ళకు పోయే నీలం పెన్నయితే చన్నీళ్ళలో ముంచి పోగొట్టాకే ఇస్త్రీ. ముందే ఇస్త్రీ పెడితే ఆ గీత అక్కడే స్థిరపడుతుంది. వేడికి చెరిగే పెన్నయితే ఇస్త్రీతో మాయమై మురిపిస్తుంది. కానుకగా చికాగోలో ఉన్న అమ్మాయికి పంపించారనుకో, గడ్డకట్టే చలి తగలగానే గళ్ళన్నీ మళ్ళీ తేలొచ్చు. నెమలి కాస్తా లెక్కల పుస్తకంలోకి వెళ్ళిపోతుంది. గీతలకు బదులు సన్నటి నైలాను దారంతో టాకాలు వేసుకుంటే చివర్లో లాగేయవచ్చు, సూది దాన్ని చీల్చదు కూడా.

నీ పాదాల కింద "సుస్వాగతం" అని కుట్టాలన్న ఆశ కూడా ఎవరికో కలిగింది. ఇంగ్లీషు అక్షరం 7 గళ్ళ ఎత్తులో ఇమిడిపోతుంది. మన అక్షరం అలా కాదు. మధ్యలో అక్షరానికి 12 గళ్ళు, పైన తలకట్టుకూ దీర్ఘానికీ 4, కింద వకార వత్తుకు 6, మొత్తం 22. ఒంటి గడి మందంలో కుడితే "గ" గుండ్రం పోయి మెట్లబావి అవుతుంది. రెండు గళ్ళ మందం ఇచ్చి, వంపుల చుట్టూ ఒంటి పోగుతో బ్యాక్ స్టిచ్ గీత వేస్తేనే చదవగలం. వెడల్పు అక్షరానికి 18 చొప్పున నాలుగూ, మధ్య సందులూ కలిపి 81 గళ్ళు. ఎడమ అంచు నుంచి 29 గళ్ళు వదిలి మొదలుపెట్టాలి. అది లెక్కించకుండా కంటి అంచనాతో మధ్యలోంచి ఎత్తుకున్నవాళ్ళ గుమ్మాల మీద "సుస్వాగ" అని ఉంటుంది, వచ్చినవాళ్ళు లోపలికి రావాలో ఆగాలో తేల్చుకోలేరు. పైగా ఇక్కడ ఇంకో చిక్కు. బొమ్మకూ అక్షరాలకూ మధ్య 10 గళ్ళు వదిలితే మొత్తం 32 గళ్ళు, దాదాపు 2.3 అంగుళాలు. నీ చుట్టూ వదిలిన అంచే 3 అంగుళాలు. మిగిలిన ముప్పావు అంగుళంలో దేన్ని పట్టుకుని ఫ్రేము అట్ట వెనక్కి మడవాలి? స్వాగతం కావాలంటే వేరే పట్టీ మీద. నీ కింద కుదరదు.

నువ్వు వాదిస్తావని తెలుసు. ఫ్రాన్సులోని బేయూ పట్టణానికి చెందిన 11వ శతాబ్దపు కుట్టుపని దాదాపు 70 మీటర్ల పొడవుంటుంది, చివరి ముక్క లేకపోయినా జనం వరసకట్టి చూశారు కదా అంటావు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బోస్టాక్ 1598లో కుట్టిన నమూనా గుడ్డ మీద విప్పేసిన బొమ్మల జాడలు కూడా ఉన్నాయి కదా అంటావు. ఉన్నాయి. కానీ ఆమె తన పేరూ సంవత్సరమూ కుట్టి మరీ ముగించింది. నీ మీద తేదీ ఎక్కడ? ఇంకో మాట. నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళ చేతుల్లో నీలాంటి ముక్కలు ఏళ్ళ తరబడి నిలవుండవు. అక్కడ ముక్క పూర్తయితేనే కూలి. అర్ధాంతరంగా ఆపి బెంగపడే సౌకర్యం కూలి లేని కుట్టుకే ఉంటుంది.

సంచిలో నీ బంధువుల మీద తీర్పులు చిన్నవే. మ్యాటీ క్లాత్ దిండు గలీబు, గులాబీలు నాలుగింట మూడు అయ్యాయి: నాలుగోది కుట్టేది లేదు, ఆ మూల దిండు కిందికి పోతుంది. లేజీ డైజీ పూల కుట్టు వేసిన రుమాలు: అంచు కుట్టి ఇచ్చేయడమే. పెళ్ళి దాటిపోయిన మగ్గం వర్క్ జాకెట్టు చేతులు: పూసలు కోసుకుని మిగతాది పారేయడం.

నీకు గడువు దీపావళి దాకా. అప్పటికి కనీసం మూడు కళ్ళు పడకపోతే తలా మెడా వరకు కత్తిరించి, చుట్టూ అంగుళం వదిలి అంచు పీచు లేవకుండా జిగ్‌జాగ్ కుట్టు వేసి, గుడ్డ సంచికి జేబుగా తగిలిస్తాం. కూరల మార్కెట్టుకి రోజూ వెళ్ళొస్తావు. చార్టూ మిగిలిన దారాలూ కుట్టే ఓపికున్న మరొకరికి ఇస్తాం.

ఇట్లు,
నీ వెనక వైపు తిరగేసి చూసినవాళ్ళు

తా.క.: నీ చిన్న కత్తెర వంటింట్లో పాల ప్యాకెట్లు కోస్తోంది. మొన మొద్దుబారింది. కుట్లు విప్పే పని ఏదైనా ఉంటే కొత్తది వచ్చేదాకా ఆగు, దీంతో గుడ్డ కూడా తెగుతుంది.