ఆరేళ్ల పిల్లకి 34 వేల కోడింగ్ క్లాసా? అరకిలో శనగలు చాలవూ?

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కోడింగ్ క్లాసుల వాళ్లు టెంట్ వేశారు. హైదరాబాద్ నిజాంపేటలో ఇది మామూలే. ఒక వారం వాటర్ ఫిల్టర్ వాళ్లు, ఇంకో వారం అబాకస్ వాళ్లు. పాల ప్యాకెట్ కోసం దిగిన నన్ను పట్టుకుని, మా చిన్నదాని చేతిలో ఓ బెలూన్ పెట్టి కూర్చోబెట్టారు. "పాపకి ఆరేళ్లా మేడమ్? ఇప్పటికే లేటయిపోయింది" అన్నాడు ఆ అబ్బాయి. కొత్త విద్యా విధానంలో గవర్నమెంటే కోడింగ్ పెట్టేసిందట. పెట్టిన మాట నిజమే. కానీ 2020 నాటి ఆ జాతీయ విద్యా విధానం కోడింగ్ గురించి చెప్పింది మిడిల్ స్టేజ్‌లో, అంటే 6వ తరగతి నుంచి. ఆరో తరగతినీ ఆరేళ్లనీ ఒకటి చేసేసి 48 క్లాసులు, 34 వేలు అంటున్నాడు బాబు.

అయినా ఫ్రీ డెమోకి ఒప్పుకున్నాను. ఎదురు ఫ్లాట్ వాళ్లు చేర్పించారు, మన పిల్ల వెనకబడుతుందేమో అన్న టెన్షన్ నాకూ ఉంది. అబద్ధమెందుకు?

డెమోలో వాడింది స్క్రాచ్ జూనియర్, తెర మీద దిమ్మెలు పేర్చి బొమ్మల్ని నడిపించే యాప్. దాని మీద నాకు ఒక్క పిసరు కోపం లేదు. 2014లో వచ్చింది, ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం చేసింది, ఉచితం. చదవడం రాకపోయినా దిమ్మెల మీద బొమ్మలు చూసి ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవచ్చు. అంత మంచి బొమ్మల పెట్టె ఇచ్చి టీచర్ ఏం చేసిందంటే, "నీలం దిమ్మె తీసుకోండి, మూడు పెట్టండి, పచ్చ జెండా నొక్కండి" అంది. పన్నెండు తెరల మీద పన్నెండు పిల్లులు కుడివైపు నడిచాయి. మా చిన్నది తన పిల్లిని ఇంటికప్పు మీద కూర్చోబెట్టొచ్చా అని అడిగింది. "నో నో, ఫాలో మీ" అన్నారు. గంట తర్వాత వాట్సాప్‌లో సర్టిఫికెట్ వచ్చింది: క్రియేటివ్ కోడర్.

ఒళ్లు మండింది. మా అమ్మ దగ్గర ముగ్గుల నోట్‌బుక్ ఉండేది. "11 చుక్కలు, సందు చుక్క, 6 వచ్చేదాకా" అని రాసి ఉండేది ప్రతి పేజీలో. ఏది తర్వాత ఏది చేయాలో వరసగా చెప్పే సూచనలు, అది కోడ్ కాక మరేమిటి? చూసి వేస్తే ముగ్గు వస్తుంది. కొత్త ముగ్గు ఎలా పుడుతుందో మాత్రం ఆ పేజీలో ఉండదు.

మొదటి ఐడియాలు పుట్టే ఘడియే ముఖ్యం. నలుగురు కూర్చుని తోచిన ఐడియాలన్నీ చెప్పడాన్ని బ్రెయిన్‌స్టార్మింగ్ అంటారు, మా ఆఫీసులో వారానికి రెండుసార్లు చేస్తాం, మేనేజర్ మాట్లాడతాడు, మేం తలూపుతాం. ఈ పద్ధతికి పేరు తెచ్చినాయన అలెక్స్ ఆస్బోర్న్, అమెరికాలో యాడ్ ఏజెన్సీ మనిషి. 1953లో రాసిన పుస్తకంలో ఆయన పెట్టిన నియమాల్లో మొదటిది ఇది: ఐడియాలు వస్తున్నంతసేపు ఎవరూ తప్పు పట్టకూడదు. 1958లో యేల్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి చూస్తే ఇంకో సంగతి తేలింది. నలుగురిని ఒకచోట కూర్చోబెట్టినప్పటికంటే, విడివిడిగా ఆలోచించమని తర్వాత కలిపినప్పుడే ఎక్కువ ఐడియాలు వచ్చాయట.

సరే, ఇంట్లోనే చేద్దామనుకున్నాను. ఆదివారం వాన. మా చిన్నది, కింది ఫ్లాట్ కవలలు, ఎప్పుడూ మాట్లాడని మూడో అంతస్తు బాబు. రెండు పీటల మధ్య జానెడు సందు వదిలి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిలా ఒకటి కట్టాలి, బొమ్మ కారు దాటాలి అన్నాను. సామాను: రాత్రంతా నానబెట్టిన శనగలు, పుల్లల చీపురు నుంచి పీకిన ఈనెలు. ఈనెల కొసలు కత్తితో వాలుగా కోసిచ్చాను. ముందు తలా ఒక కాగితం, ఐదు నిమిషాలు ఎవరి బొమ్మ వాళ్లే గీయాలి. ఆ మాట్లాడని బాబు కాగితం మీద పైన తాళ్లు, కింద ఏనుగు ఉన్నాయి. ఏనుగు మోస్తుందట. నోటితో అడిగి ఉంటే ఆ ఏనుగు బయటికి వచ్చేదే కాదు, కవలలు గది దద్దరిల్లేలా అరుస్తుంటే.

తప్పు నేనే చేశాను. మా చిన్నది శనగకి ఈనె గుచ్చి చతురస్రాలు కడుతుంటే, "అలా అయితే పక్కకి ఒరిగిపోతుందే, త్రిభుజం పెట్టు" అన్నాను. పదమూడేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నదాన్ని, తప్పు కనబడితే నోరు ఊరుకోదు. అది చేతిలోది కింద పెట్టేసి "అయితే నువ్వే కట్టు" అంది. పది నిమిషాలు మళ్లీ ముట్టుకోలేదు. డెమో టీచర్‌ని తిట్టుకున్న నోరే ఇది.

నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నాను. తిరిగొచ్చేసరికి చతురస్రం ఒరిగింది, అడ్డంగా ఒక ఈనె గుచ్చారు, నిలబడింది. ఎవరూ త్రిభుజం అన్న పదం వాడలేదు. కారు ఎక్కించగానే మాత్రం మధ్యలో కూలింది. ఒక కవల సగం స్తంభాలు తినేశాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం కరెంటు పోయింది, కోడింగ్‌కి అంతకంటే మంచి ముహూర్తం లేదు. మా నాన్న రోబో. హాల్లో రెండడుగుల టైల్స్ ఉన్నాయి కాబట్టి టైల్‌కి ఒక అంగ. పిల్లలు చెప్పిందే చేయాలి, సోఫా నుంచి వంటింటి గుమ్మం దాకా నడిపించి మంచినీళ్ల సీసా తెప్పించాలి. నాన్న మహా నిష్ఠగా చేశారు. "కుడికి తిరుగు తాతా" అని ఎదురుగా నిలబడి వీళ్లు తమ కుడి చూపిస్తారు, ఆయన తన కుడికి తిరిగి ఫ్రిజ్‌ని ఢీకొంటారు. మూడుసార్లు ఢీకొన్నాక ఐడియాలు మొదలయ్యాయి. తాత వెనకాల నిలబడి చెబుదాం. కుడిచేతికి రబ్బర్ బ్యాండ్ వేద్దాం. అసలు కుడి ఎడమలే వద్దు, "టీవీ వైపు" అందాం. మూడోది చెప్పింది ఆ మాట్లాడని బాబు. 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసిన వాళ్లలో ఒకరైన సేమూర్ పాపర్ట్, చెప్పినట్టు నడిచే తాబేలుని తెర మీద పెట్టింది ఇందుకే: పిల్లలు తమను ఆ తాబేలు స్థానంలో నిలబెట్టుకుని ఆలోచిస్తారని. మాకు తాబేలు దొరకలేదు, నాన్న ఉన్నారు.

పొద్దున్న చూస్తే కూలిన వంతెనలో మిగిలిన ముక్క రాయిలా గట్టిపడి ఉంది. శనగ ఎండి ముడుచుకుని ఈనెని పట్టేసింది. ఇది నా కనిపెట్టుడేం కాదు. 19వ శతాబ్దంలో కిండర్‌గార్టెన్ మొదలెట్టిన జర్మన్ ఆయన ఫ్రోబెల్ బడుల్లో నానిన బఠాణీలు, పుల్లలతో ఇదే పని చేయించేవాళ్లు. ఈ స్క్రాచ్ జూనియర్‌కి అక్కలాంటి స్క్రాచ్‌ని తయారుచేసిన అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ బృందం పేరు కూడా లైఫ్‌లాంగ్ కిండర్‌గార్టెన్. అక్కడినుంచి వచ్చిన సరుకుతో "ఫాలో మీ" అంటారా!

డెమో వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, ఈరోజే చేరితే ఆరు వేలు తగ్గింపట. వచ్చే ఆదివారం వంతెన మీద పప్పుగుత్తి నిలబెట్టాలని పిల్లలు తీర్మానించారు. అందుకని శనగలు శుక్రవారమే నానబెట్టాలట, శనివారం కట్టి ఒక రాత్రి ఎండనివ్వాలట. ఆ లెక్క నేను చెప్పలేదు. కవలలకి మాత్రం విడిగా ఉప్పు శనగలు పెడతాను. చీపురు కొత్తది కొనాలి.