కంటి శిబిరం తేదీ ఎక్కడ రాశారు?

పోయిన వేసవిలో మా అత్తయ్యకు శుక్లాల ఆపరేషన్ చేయించాలని ఒక ట్రస్టు వెబ్‌సైట్ తెరిచాను. ఉచిత కంటి శిబిరాలు పెడతారని ఊళ్లో మంచి పేరుంది. పేజీ ఫోన్‌లో తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది, తెరుచుకున్నాక పెద్ద పెద్ద ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతున్నాయి, అన్నిటి మీదా 'విరాళం ఇవ్వండి' అనే బటనే. శిబిరం ఎప్పుడు, ఎక్కడ, ఆధార్ కార్డు తేవాలా, తోడు మనిషి ఉండాలా, షుగర్ ఉన్నవాళ్లకు చేస్తారా, ఇవేవీ లేవు. వెతగ్గా వెతగ్గా ఒక కరపత్రం ఫొటోలో నంబర్ దొరికింది. ఫొటో కదా, నొక్కితే కాల్ వెళ్లదు. కాగితం మీద రాసుకుని చేశాను.

ట్రస్టు వాళ్లు మంచివాళ్లు, ఆపరేషన్ కూడా బాగా చేశారు. కానీ ఆ సైటు కట్టింది రోగుల కోసం కాదు.

ఇలా ఎందుకు అవుతుందో నాకు అర్థమవుతూనే ఉంది. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, 2014 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. ఆ డబ్బు ఏ ట్రస్టుకివ్వాలో తేల్చే కంపెనీ అధికారి కూర్చునేది నగరంలో, ఆయన చదివేది ఇంగ్లిష్. దాంతో సైటు కూడా ఆయన భాషలోకి, ఆయన కంప్యూటర్ తెర సైజుకి మారిపోయింది. డబ్బు లేకుండా శిబిరం నడవదు, నిజమే. అయితే వచ్చే నెల ఏ మండలంలో శిబిరం ఉందో, పోయిన శిబిరంలో ఎంతమందికి ఆపరేషన్ చేశారో, లెక్కల ఆడిట్ రిపోర్టు ఎక్కడుందో మొదటి పేజీలోనే కనబడితే దాతకు అంతకన్నా నమ్మకం ఏం కావాలి?

ఇక తెలుగు సంగతి, నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. కరపత్రాన్ని డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొడతారు. అందులో తెలుగు రూపాలు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చుని ఉంటాయి కాబట్టి దాన్ని సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని దాన్ని ఫొటోగా మార్చి పెట్టేస్తారు. ఫొటోలోని అక్షరాలు కాపీ కావు, గూగుల్‌లో వెతికినా సరిగ్గా దొరకవు, చూపు లేనివాళ్లకు ఫోన్ తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ కూడా వాటిని మామూలు అక్షరాల్లా చదివి వినిపించలేదు. కళ్ల కోసం పనిచేసే సంస్థ సైట్‌ను కళ్లు కనబడనివాళ్లు వాడలేకపోతే ఎలా?

తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే యూనికోడ్‌లో టైపు చేయిస్తే చాలు. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. వరుసల మధ్య కాస్త ఎక్కువ చోటు వదలాలి, ఇంగ్లిష్ కొలతలే ఉంచితే కింది వరుస గుడులు పై వరుస వత్తులకు తగులుతాయి. మొదటి తెర మీద నొక్కితే కాల్ వెళ్లే నంబర్, శిబిరం తేదీలు, తెచ్చుకోవాల్సిన కాగితాలు ఉండాలి. జరిగే ఫొటోలు తీసేయొచ్చు, పేజీ కూడా త్వరగా తెరుచుకుంటుంది. మారిన తేదీలు ఎక్కించే పని ఆఫీసులో ఒకరికి అప్పగించాలి, లేకపోతే ఏడాది కిందటి శిబిరమే అక్కడ వేలాడుతూ ఉంటుంది.

సైటు తయారయ్యాక బోర్డు మీటింగులో ప్రొజెక్టర్ మీద చూసి ఓకే చెప్పేయొద్దు. ఊళ్లో పనిచేసే ఆశా కార్యకర్తను పిలిచి, ఆమె ఫోన్‌లోనే తెరిపించి, "వచ్చే శిబిరం ఎప్పుడమ్మా?" అని అడగండి. పక్కన కూర్చుని సాయం చేయకుండా చూడండి. ఆమె ఎక్కడ ఆగిందో రాసుకుని డిజైనర్‌కు పంపండి.