సన్నబడనని భీష్మించిన పారాకార్డు గారికి

మహారాజశ్రీ పారాకార్డు అనే నైలాన్ తాడు గారి దివ్య సముఖానికి, కొరడాలు అల్లుకునే ఒక సామాన్యుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి.

తమ ఘనత మాకు తెలియనిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్లను మోసిన వంశం తమది. తమలో టైప్ 3 వారికి 550 అని బిరుదు. అంటే 550 పౌండ్లు, సుమారు 250 కిలోల బరువు వేలాడదీసినా తెగరన్నమాట. నాలుగు మిల్లీమీటర్ల ఒంట్లో, నేసిన పైతొడుగు కింద 7 నుంచి 9 దారాలు దాచుకున్నారు. ఆకాశంలోంచి దూకేవాణ్ణి కాపాడటానికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే కొరడాగా మారాలంటే ఇంకొక్క గుణం కావాలి. సరిగ్గా అదే తమకు లేదు. తమరు సన్నబడరు. చుట్ట మొదట్లో ఎంత లావో, చుట్ట చివరా అంతే లావు.

తోలును చూసి నేర్చుకోరాదా? పిడి దగ్గర వెడల్పుగా, పోనుపోను సన్నగా కోస్తే మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. తమ దగ్గర ఆ వినయం లేదు గనుక, కొరడా సన్నబడాలంటే తమ సంఖ్యనే తగ్గించాలి. 12 పాయలతో మొదలుపెట్టి 10, 8, 6, చివరికి 4. అంటే ఆఫీసులో సిబ్బందిని కుదించినట్టు, ఎవరు ముందు దిగిపోవాలో, ఎవరు చివరిదాకా కొలువులో ఉండాలో కాగితం మీద రాసుకున్నాకే కత్తెర ముట్టుకోవాలి. పైగా తమ ఆఫీసులో పదవీ విరమణ చేసినవారు ఇంటికి పోరు. లోపలే పడుకుంటారు. మిగిలినవాళ్లు వారి మీదుగా అల్లుకుంటూ పోవాలి.

ఆ పడుకోవడంలోనూ తమకు మర్యాదలు కావాలి. ఎడమ నుంచి ఒకటి దిగితే కుడి నుంచి ఒకటి దిగాలి, లేకపోతే అల్లిక ఒక పక్కకు తిరిగిపోతుంది. దిగిన రెండూ లోపల ఒకేచోట ముగిస్తే అక్కడ బుడిపె లేస్తుంది, దాని కింద హఠాత్తుగా సన్నబడుతుంది. అందుకని వాటి కడుపులో దారాలు పీకి, కొసలను ఒకదానికంటే ఒకటి ముందు ఆగేలా కోయాలి. ఈలోగా పైన నడక కూడా మారుతుంది. 12 పాయలున్నప్పుడు మూడింటి కిందుగా, మూడింటి పైగా హాయిగా సాగిన చెయ్యి, 10కి రాగానే రెండింటి కిందుగా, మూడింటి పైగా నడవాలి. 8కి వస్తే రెండు, రెండు. 6 దగ్గర ఒకటి, రెండు. ఇదంతా వేళ్లకు అలవాటవుతుంది, ఒప్పుకుంటాను. అయితే ఏ అంగుళం దగ్గర మారాలో వేళ్లకు తెలియదు, కాగితానికే తెలియాలి.

కాగితం అనగానే రంగు పెన్సిళ్లు తీసేవారి సంగతి కూడా తమరికి విన్నవించాలి. తమరు వందల రంగుల్లో దొరకడం మాకు పట్టిన శని. కొరడా అల్లదలచినవాడు మొట్టమొదట అడిగేది నలుపు, ఎరుపు కలిస్తే బాగుంటుందా అని. పై అల్లిక బొమ్మ వేసి, గళ్లు నింపి, మురిసిపోయి, ఆ తర్వాత ఎప్పుడో లోపల ఏం పెట్టాలని ఆలోచిస్తాడు. కొరడా పుట్టేది లోపలి నుంచి బయటికి. ముందు ఇనుప గుళ్లు నింపిన గర్భం, దాని మీద బెల్లీ అనే లోపలి అల్లిక, దాని మీద ఇంకొకటి, అందరికన్నా చివర ఈ రంగుల చొక్కా. పిడి దగ్గర ఎంత లావు, మధ్యలో ఎంత, కొసన ఎంత అని ముందు తేల్చుకుంటే, ఏ పొర ఎక్కడ ఆగాలో అదే చెబుతుంది. నన్నడిగితే ఈ కాగితం మీద రాయదగిన నియమం ఒక్కటే: లోపలి అల్లిక ముగిసే చోట పై పాయ దిగకూడదు. రెండూ ఒకేచోట పడితే కొరడా అక్కడ మడత తలుపులా విరుగుతుంది. రంగులు ఎంత ముద్దొస్తున్నా సరే.

ఇంత పట్టుదల ఎందుకని తమరికి అనిపించవచ్చు. ఝళిపించినప్పుడు కొరడాలో ఒక ఉచ్చులాంటి వంపు పిడి నుంచి కొసకు పరుగెత్తుతుంది. ముందున్న బరువు తగ్గుతూ పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. కొస దగ్గర అది ధ్వని వేగాన్ని, అంటే 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లను, దాటిపోతుంది. మనం వినే ఛెళ్లుమనే చప్పుడు ఆ దాటడంలోనే పుడుతుంది. 2002లో అలన్ గోరియెలీ, టైలర్ మెక్‌మిలెన్ అనే శాస్త్రజ్ఞులు ఆ వంపును సమీకరణాల్లో పెట్టి, చప్పుడుకు కారణం అదేనని చూపించారు. అలాంటి వంపు పరుగెత్తుకొస్తుంటే దారిలో తమ బుడిపె అడ్డు తగిలితే ఏం కావాలి? సగం శక్తి అక్కడే చతికిలపడుతుంది. కొసకు చేరేది నిట్టూర్పు.

ఇక పొడవుల విషయం. పాయ ఏటవాలుగా చుట్టుకుంటూ నడుస్తుంది గనుక కొరడా కన్నా అది పొడవుగా ఉండాలని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. ఎంత పొడవు అంటే మాత్రం తమరు నోరు విప్పరు. లోపలి లావును బట్టి మారుతుంది, బిగించే చేతిని బట్టి మారుతుంది. తడిస్తే కుదించుకుపోతారు, గుంజితే సాగుతారు. కాబట్టి చిన్న ముక్క అల్లి, ఎంత తిన్నారో కొలిచి, అప్పుడు లెక్క కట్టాలి. ఒక్క మేలు మాత్రం చేశారు. ఒక తాడును మధ్యకు మడిచి ఒక సగాన్ని ఎడమకు, ఒక సగాన్ని కుడికి పంపితే, ఆ జంట ఒకే పొడవుతో వచ్చి ఒకేసారి దిగిపోతుంది. 12 పాయలకు 6 తాళ్లు, ఒక్కో తాడుకు ఒక్కో ముగింపు. కొసదాకా నడిచే రెండు తాళ్లే అన్నిటికన్నా పొడవు. కాగితంలో వాటిని ముందు రాసుకోవాలి, చుట్ట విప్పగానే వాటినే ముందు కోయాలి. మిగిలిపోయిన తుంపులతో కొస అల్లే పెద్దమనుషులున్నారు. వారి కొరడాకు నడుం మీద ముడి ఉంటుంది.

చివరగా, తమ బిరుదు గురించి ఒక మాట. పై అల్లిక పలచగా, నునుపుగా రావాలని తమ కడుపులోని దారాలన్నీ లాగి పారేస్తాం. 550 అన్న పౌరుషంలో మంచి పాలు వాటిదే. తమరు కొలువుకు వచ్చిన అర్హతను తీసి పక్కన పెట్టాకే తమకు ఇక్కడ ఉద్యోగం దొరుకుతుంది. దానికి తమరు ఏనాడూ నొచ్చుకోలేదు. సన్నబడమంటే మాత్రం పౌరుషం పొడుచుకొస్తుంది.

ఇట్లు,
తమ పాయలు లెక్కపెట్టుకునే విధేయుడు

తా.క.: పీకిన ఆ తెల్ల దారాలు గది నిండా, కుర్చీ కాళ్లకూ, సాక్సులకూ చుట్టుకుని ఉన్నాయి. వాటిని ఏం చేయాలో ఏ ప్రణాళికలోనూ లేదు. తిరుగు టపాలో తెలియజేయగలరు.