బాకులో అడిగిన న్యాయం మర్రిగూడకూ దక్కాలి

ఎండాకాలంలో బోరు ఎత్తిపోతే బత్తాయి రైతు ముందు రెండే దారులుంటాయి. అప్పు తెచ్చి ట్యాంకర్లతో నీళ్లు పోయించుకోవాలి, లేదా ఏళ్ల తరబడి బిడ్డలా సాకిన తోటను నరికించుకోవాలి. నల్లగొండ జిల్లాలో ఈ రెండూ చూసిన కుటుంబాలు ఎన్నో. చెట్టు బతికినా ఎండినా ట్యాంకర్ అప్పు మాత్రం మిగులుతుంది. భూమిని వేడెక్కించిన పొగలో ఆ రైతు వాటా లెక్కకు కూడా రాదు.

అంతర్జాతీయ వాతావరణ చర్చల్లో భారతదేశం ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న మాట ఇదే. ప్రపంచ జనాభాలో మనం ఆరో వంతుకు పైగా ఉన్నాం. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి గాలిలో చేరిన కర్బన ఉద్గారాల్లో మన వాటా నాలుగు శాతం దరిదాపుల్లోనే ఉంది. ఇవాళ ఏటా విడుదలయ్యే మొత్తంలో మూడో స్థానంలో ఉన్నమాట నిజమే అయినా, తలసరి లెక్కలో ప్రపంచ సగటులో సగం కూడా లేము. బాధ్యత అందరిదీ, అయితే చేసిన నష్టాన్ని బట్టి, ఉన్న శక్తిని బట్టి ఎవరి వంతు వారిది అన్న సూత్రం 1992లో రియో ఒప్పందంలోకి ఎక్కింది. ఆ సూత్రం నీరుగారిపోకుండా మన ప్రతినిధులు ఇన్నేళ్లూ పట్టుబట్టి నిలిచారు. ఈ పట్టుదలను మేము పూర్తిగా సమర్థిస్తున్నాం.

ధనిక దేశాల మాట మాత్రం ఏనాడూ సమయానికి నిలబడలేదు. 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో చెప్పారు. వాళ్ల లెక్కల ప్రకారమే అది 2022లో గానీ నెరవేరలేదు. అందులోనూ ఎక్కువ భాగం అప్పుల రూపంలో వచ్చింది. వేరొకరు పెట్టిన మంటను ఆర్పుకోవడానికి మనమే అప్పు చేయడం, మన బత్తాయి రైతు ట్యాంకర్ కథ లాంటిదే. 2024 నవంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకులో జరిగిన వాతావరణ సదస్సులో పేద, వర్ధమాన దేశాలు ఏటా లక్షా 30 వేల కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి ఏటా 30 వేల కోట్లతో సరిపెట్టారు. అది కంటిని మోసం చేసే భ్రమ తప్ప మరేం కాదని భారత ప్రతినిధి ఆ సభలోనే నిలదీశారు. 2025 జనవరిలో అమెరికా మరోసారి, భూతాపాన్ని అదుపు చేసేందుకు దేశాలన్నీ కుదుర్చుకున్న పారిస్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అలాంటప్పుడు మన గొంతు ఇంకా గట్టిగా వినిపించాలి.

అడిగే హక్కు మనకుంది, చేసి చూపించిన పనీ ఉంది. 2030 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటి ఇంధనాలతో పనిలేనిదై ఉండాలని లక్ష్యం పెట్టుకుని, 2025లోనే అందుకున్నాం. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. మన బల్బు ఇప్పటికీ చాలావరకు బొగ్గుతోనే వెలుగుతోంది. మన దామరచర్ల దగ్గరే 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. బోరుబావి కింద సాగు చేసే జిల్లాలో కరెంటు విలువ మాకు తెలుసు, దాన్ని మూసేయమని మేము అనం. కానీ బూడిద, వేడి భరించేది చుట్టుపక్కల తండాలే. పరిహారం, వైద్యం, ఉద్యోగాల విషయంలో వాళ్లను మొదటి వరసలో నిలబెట్టకపోతే, ధనిక దేశాలు మనకు చేసిందే మనం వాళ్లకు చేసినట్టవుతుంది.

మా అసలు ఆవేదన ఇక్కడే. ప్రపంచంలో అడిగే న్యాయం దేశం లోపల కూడా కనిపించాలి. ఒక్కో విపత్తును పట్టుకుని ఇది భూతాపం వల్లేనని చెప్పలేం. వడగాడ్పులు పెరుగుతాయని, వానలు కొన్ని రోజుల్లోనే కుండపోతగా కురిసి మిగతా కాలమంతా మొహం చాటేస్తాయని మాత్రం శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఈ రెండు దెబ్బలూ తిన్న నేల మనది. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర నదులు కరువు జిల్లాగా పేరుబడ్డ పాలమూరులోనే అలంపూర్, రాజోలిలను ముంచెత్తాయి. 2015 మే నెలలో ఎండకు తెలంగాణలో వందల మంది పోయారు. ఉపాధి హామీ పనికి పోయినవాళ్లు, మేకల కాపరులు, పెద్దవయసువాళ్లు, ఇలా ఎండలో తప్పించుకునే వీలులేని వాళ్లకే ఎప్పుడూ ముందు దెబ్బ తగులుతుంది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించడం మంచి నిర్ణయం. మనిషి పోయాక ఇచ్చే డబ్బు కన్నా పోకుండా చూసే ఏర్పాటు ముందు కావాలి.

దానికోసమే 2015లో కేంద్రం జాతీయ అనుసరణ నిధి పెట్టింది. మారుతున్న వాతావరణాన్ని తట్టుకునేలా సాగునూ బతుకునూ మలుచుకోవడమే అనుసరణ. నాబార్డు చేతుల మీదుగా 30 ప్రాజెక్టులకు దాదాపు 847 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. వాటిలో ఒకటి మన మహబూబ్‌నగర్ జిల్లా రైతు కుటుంబాల కోసమే. 2022 నవంబరులో ఆ నిధిని పథకాల జాబితా నుంచి తప్పించారు. బయట సభల్లో అనుసరణకు డబ్బు చాలడం లేదని గట్టిగా వాదిస్తూ, ఇంట్లో ఉన్న చిన్న తలుపును మూసుకోవడం ఏ విధంగా సమంజసం? 2025లో బ్రెజిల్‌లోని బెలెం సదస్సు, అనుసరణ సాయాన్ని 2035 నాటికి మూడింతలు చేసేందుకు ప్రయత్నించాలని పిలుపునిచ్చింది. ఆ డబ్బు వస్తే తీసుకోవడానికి మన దగ్గర తెరిచి ఉన్న చెయ్యి ఉండాలి కదా.

నల్లమలలో అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మేలో మొదలుపెట్టిన గిరిజనుల సౌర పంపుసెట్ల పథకం లాంటివి దారి చూపిస్తాయి. సూర్యుడితో నడిచే మోటరు పొగ పెట్టదు, పోడు రైతుకు పంట ఇస్తుంది. కానీ మోటరు పెరిగితే భూగర్భజలం మీద భారం కూడా పెరుగుతుంది కాబట్టి, చెరువుల పూడిక, చెక్‌డ్యాంలు దానితో కలిసి సాగాలి.

కేంద్రం అనుసరణ నిధిని మళ్లీ తెరవాలి. రాష్ట్రం ఎండాకాలంలో ఉపాధి హామీ పని వేళలను చల్లటి పూటలకు మార్చి, అది కాగితం మీద కాకుండా పని దగ్గర అమలయ్యేలా చూడాలి. వాతావరణం పేరుతో వచ్చే ప్రతి రూపాయిలో నల్లగొండ జిల్లా మర్రిగూడకు ఎంత, అచ్చంపేటకు ఎంత, మక్తల్‌కు ఎంత అన్నది గ్రామసభలో చదివి వినిపించాలి.