కథ చివర ఊరుకోవడం

పిల్లలకు రోజూ రాత్రి ఒక మంచి కథ చదివి, చివర్లో అందులోని నీతిని వివరించమని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. చదవడం వరకూ నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నీతి వివరించడం మాత్రం మా ఇంట్లో పనిచేయలేదు. నేను మొదలుపెట్టగానే మా పెద్దాడు దుప్పటి ముసుగేసుకునేవాడు.

ఒక రాత్రి బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ చదివాను. ఇల్లు వదిలి వెళ్లిన తమ్ముడు తిరిగొచ్చాడని ఇంట్లో విందు. అన్న కోపంతో బయటే ఉండిపోతాడు, తండ్రి వచ్చి బతిమాలతాడు. అంతే, అక్కడితో అయిపోతుంది. అతను లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. నేనూ ఏమీ అనకుండా పుస్తకం మూసేశాను. మా పెద్దాడు లేచి కూర్చున్నాడు.

"మరి అన్నయ్య లోపలికి వెళ్లాడా?"

"నువ్వైతే ఏం చేస్తావు?"

చాలాసేపు ఆలోచించి, "నాన్న చెయ్యి పట్టుకుంటే వెళ్తా" అన్నాడు. తమ్ముడు పుట్టినప్పటి నుంచి వాడి మనసులో ఎంత టెన్షన్ ఉందో నాకు ఆ రాత్రే తెలిసింది.

ఆ కథనే వారం రోజులు చదివించుకున్నాడు. పిల్లలు అలా అడిగితే దయచేసి విసుక్కోకండి. విన్న కథే మళ్లీ విన్నప్పుడు వాళ్లకు కొత్త మాటలు బాగా పట్టుబడతాయి. ఇప్పుడు వాడే తమ్ముడికి చెబుతున్నాడు, తిరిగొస్తున్న కొడుకును చూసి తండ్రి పరుగెత్తుకొచ్చే చోట గొంతు పెంచి మరీ.