'మీకోసమే' జాబితా గారికి ఒక చందాదారు లేఖ

మహారాజశ్రీ 'మీకోసమే' పాటల జాబితా గారి సముఖమునకు,

చెన్నై సాలిగ్రామం నుంచి మీ చందాదారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమ సమాచారం వేరే అడగనక్కరలేదు. నెల తిరిగేసరికి నా బ్యాంకు ఖాతాలోంచి చందా ఠంచనుగా వెళ్తోంది కాబట్టి తమరు ఆరోగ్యంగానే ఉన్నారని గ్రహిస్తున్నాను.

తమరు రోజూ పొద్దున్నే ఫోనులోని పాటల యాప్‌లో నాకోసం పాటలు ఏరి పంపుతున్నారు. నా అభిరుచి తమరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని చెప్పుకుంటున్నారు కూడా. అందుకే కొన్ని సంగతులు మనవి చేసుకోవలసి వచ్చింది. మా ఇంట్లో చందా ఒకటే, చెవులు పన్నెండు. వేకువన మా అత్తగారు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన సుప్రభాతం పెడతారు. ఏడింటికి మనవడి నోట్లో ఇడ్లీ ముక్క పెట్టడానికి కోడలు ఏనుగు పాట పెడుతుంది. మధ్యాహ్నం మా వారు ఘంటసాల, లీల పాడిన యుగళగీతాలు వింటూ కునుకు తీస్తారు. రాత్రి వ్యాయామం పేరుతో మా అబ్బాయి ఉత్తర చెన్నై వీధుల గానా పాటలు మోగిస్తాడు. వీళ్లందరినీ కలిపి తమరు ఒక్క మనిషిని తయారుచేశారు. ఆ మనిషికి తెల్లవారుజామున వైరాగ్యం, ఏడింటికి పాలపళ్లు, రాత్రికి పూనకం. అలాంటి మనిషి ఆర్కాట్ రోడ్డులో ఎదురైతే నేను అవతలి పక్కకు దాటుకుంటాను. తమరు మాత్రం ఆ మనిషికి నా పేరు పెట్టి, రోజూ పాటలు పంపుతున్నారు.

తమరి పనితనం ఎలాంటిదో మా అబ్బాయి వివరించాడు. ఒక పాట విన్నవాళ్లు ఆ తర్వాత ఏం విన్నారో లక్షలాది మంది లెక్క తీసి, ఆ పోలికను బట్టి నాకూ అదే వడ్డిస్తారట. సగంలో ఆపేస్తే నచ్చలేదని, మళ్లీ వింటే నచ్చిందని రాసుకుంటారట. ఒకరోజు పాట నడుస్తుండగా కింద కార్పొరేషన్ నీళ్లు వచ్చాయని బిందెలు పట్టుకుని వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆ పాట తనంతట తాను ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. అది నా ప్రాణప్రదమైన గీతమని తమరు తీర్మానించారు. ఇప్పటికీ దాని అన్నదమ్ములు, మేనత్త బిడ్డలు వారానికి ఇద్దరు చొప్పున వచ్చి వెళ్తున్నారు.

ఇవన్నీ సర్దుకుపోయాను. మేడవాక్కంలో జరిగినదానికి మాత్రం తమరు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

మా అమ్మాయి కొత్త ఫ్లాటు గృహప్రవేశం అది. పొయ్యి మీద పాలు పెట్టారు. రాజమండ్రి నుంచి వియ్యాలవారు వచ్చారు. ఎదురింటి తమిళ దంపతులు పళ్లెంలో పళ్లు, తాంబూలం పట్టుకుని వచ్చారు. మంగళకరంగా ఏదైనా ఉండాలని మా అబ్బాయి ఫోనును స్పీకరుకు కలిపి ఒక అన్నమయ్య కీర్తన పెట్టి, తర్వాతి సంగతి తమరి చేతుల్లో పెట్టి టెంకాయలు తేవడానికి వెళ్లాడు. కీర్తన బాగుంది. దాని వెనుక వచ్చిన స్తోత్రమూ బాగుంది. సరిగ్గా పాలు అంచుకు వచ్చే వేళకు, గది దద్దరిల్లేలా ఘంటసాల గారి భగవద్గీత మొదలైంది.

తమరికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఘంటసాల గారు చివరి రోజుల్లో పాడిన గీత అది. 1974లో ఈ ఊళ్లోనే ఆయన కన్నుమూశారు. ఆ గొంతుకు నేను ఎన్నిసార్లయినా చేతులెత్తి మొక్కుతాను. కానీ తెలుగు ఊళ్లలో ఆ గీత వినబడిందంటే వీధిలోకి వైకుంఠ రథం వచ్చిందని అర్థం. వినగానే మొదటి ప్రశ్న "ఎవరు పోయారు?" అని. ఆయన తప్పు కాదు, గీత తప్పు అసలే కాదు, మనవాళ్ల అలవాటు అలా స్థిరపడిపోయింది. మా వియ్యపురాలు చేతిలో గంధం గిన్నెతో అలాగే నిలబడిపోయారు. వియ్యంకుడు గారు బాల్కనీలోకి వెళ్లి కిందికి తొంగి చూశారు. ఎదురింటి ఆవిడ మాత్రం కళ్లు మూసుకుని తాళం వేస్తూ, ఎంత దివ్యంగా ఉంది, ఎవరు పాడారని అడిగింది. పాలు పొంగినది ఎవరూ చూడలేదు. పొంగి పొయ్యి ఆరిపోయిన తర్వాత చూశాం.

తమరి వాదన ఏమిటో నాకు తెలుసు. అన్నమయ్య భక్తి, స్తోత్రం భక్తి, గీత భక్తి. గడిలో గడి సరిపోయింది. ఏ పాట తర్వాత ఏ పాటను ఎంతమంది విన్నారో తమరి దగ్గర లెక్క ఉంది. ఏ ఇంట్లో, ఏ పూట, ఏ పని మీద విన్నారో లెక్కలో లేదు.

నా చదువుకునే రోజుల్లో పాండీబజారు పక్క సందులో ఒక రికార్డింగ్ దుకాణం ఉండేది. కాగితం మీద పాటల పట్టీ రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కో వైపు ముప్పై. ఆయన పట్టీ మీద పెన్సిలుతో నిమిషాలు కూడి, ఈ వైపు రెండున్నర నిమిషాలు మిగులుతోందమ్మా, చిన్న పాట ఏదైనా చెప్పండి అనేవాడు. చెప్పలేకపోతే తానే ఒకటి వేసేవాడు, అది ఎప్పుడూ బాగుండేది. అంతకన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటి ఉండేది: దేనికమ్మా ఇది? స్నేహితురాలి పెళ్లి బస్సులో వినడానికని చెబితే, నా పట్టీలోంచి ఒక విషాద గీతాన్ని అడ్డంగా కొట్టేశాడు. నాకు అది కావాలని దెబ్బలాడాను. పెళ్లయ్యాక వచ్చి విడిగా ఎక్కించుకోండి అన్నాడు గాని వేయలేదు. ఆయన చేసింది చట్టం ప్రకారం దొంగతనమే. ఏ పాటకూ ఎవరికీ పైసా కట్టలేదు. కాపీహక్కుల చట్టం 1957 నుంచీ ఉంది గాని, పాండీబజారు సందులోకి అది ఎప్పుడూ తిరిగి చూడలేదు. అయినా ఆయనతో దెబ్బలాడే వీలుండేది. తమరితో ఆ భాగ్యం లేదు. 'ఈ పాట వద్దు' అని నొక్కితే ఆ పాటను దాచేసి, సరిగ్గా అలాంటిదే ఇంకొకటి పంపుతారు.

ఈ ఊరికి పాటలు అమ్మడం కొత్త కాదు. ఏవీఎం స్టూడియో కట్టిన మెయ్యప్పన్ గారే మొదట గ్రామఫోను రికార్డుల వ్యాపారి. మా కాలంలో స్పెన్సర్ ప్లాజాలోని మ్యూజిక్ వరల్డ్ అనే పాటల దుకాణానికి వెళ్లి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాళ్లు వినిపించినంత విని, ధర చూసి, అక్కడినుంచి బర్మాబజారుకు వెళ్లేవాళ్లం. బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవారి జీవనోపాధికి 1969లో మొదలైన ఆ బజారులో, ఒక్క డిస్కులో నూటయాభై పాటలు దొరికేవి. ఎంపీత్రీ మహిమ అది. చెవికి అంతగా ఆనని ధ్వనులను తీసేసి, సీడీలోని పాటను సుమారు పదకొండో వంతుకు కుదిస్తారట. తీసేసినవాటిలో వీణ తీగ చివరి నాదం కూడా పోయిందని మా వారు వాదించేవారు. నాకైతే ఎప్పుడూ తేడా తెలియలేదు. నూటయాభై పాటలు వచ్చాయి కదా అనిపించేది.

ఆ తర్వాత వచ్చింది కాలర్ ట్యూన్ల కాలం. తమ కోసం క్యాసెట్ కొనడానికి చేతులు రాని జనం, తమకు ఫోను చేసినవాళ్లు వినడానికి నెలకు ముప్పై రూపాయలు కట్టారు. తమకు వినబడని పాటకు డబ్బు కట్టిన ఆ ఔదార్యాన్ని చరిత్రకారులు ఎందుకో పట్టించుకోలేదు. ఆపిల్ కంపెనీ 2003లో అమెరికాలో పాటకు 99 సెంట్ల చొప్పున విడిగా అమ్మడం మొదలుపెట్టింది. ఆ అంగడి మన దేశానికి వచ్చేసరికి 2012 డిసెంబరు అయింది. అప్పటికి మేం కొనడం అనే అలవాటునే మరిచిపోయాం. నేరుగా అద్దెకు దిగాం, తమరి ఇంట్లో.

అద్దె ఇల్లన్నాను కదా, షరతులు అలాగే ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసుకున్నానని సంబరపడిన పాట, కొన్నాళ్లు ఇంటర్నెట్‌కు మొహం చూపించకపోతే కనబడదు. నిన్న ఉన్న పాట ఈ రోజు బూడిదరంగులోకి మారి, నొక్కితే పలకదు. ఎవరితోనో ఒప్పందం ముగిసిందట. మా మామగారి రికార్డుల పెట్టెకు ఏ ఒప్పందమూ ముగియలేదు. అయితే నిజం చెప్పాలి, దానికి సూది దొరక్క చాలా ఏళ్లయింది.

ఇంకొక విషయం. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు గాయని గౌహర్ జాన్ పాట రికార్డు చేశారు. పాట ముగియగానే ఆవిడ ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పేవారు. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివాళ్లు చీటీ మీద ఎవరి పేరు రాయాలో తెలియాలి కదా! నూటిరవై ఏళ్ల క్రితం సముద్రాలు దాటి వెళ్లే మైనపు పలకకు కూడా పేరు చెప్పుకునే దారి ఉంది. రేడియోలో పాటకు ముందు రచన ఫలానావారు, సంగీతం ఫలానావారు, గానం ఫలానావారు అని చదివేవారు. ఆ చదువు వినీ వినీ మాకు సినీకవుల పేర్లు నోటికి వచ్చాయి. తమరి తెర మీద పాట కింద చూస్తే సంగీత దర్శకుడి పేరు గాయకుడి స్థానంలో కూర్చుని ఉంటుంది, పక్కన హీరో గారి పేరు. రాసినవారి పేరు కోసం ఎంత తడిమినా దొరకదు. ఒక్క అవకాశం కోసం పానగల్ పార్కు చుట్టూ ప్రదక్షిణలు చేసిన రచయితల ఊరండీ ఇది! సినిమా హాలు బయట పాట ఎక్కడ మోగినా రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఉండాలని 2012లో చట్టాన్ని సవరించారు. పేరే రాయనివారికి తమరు వాటా ఏ చిరునామాకు పంపుతున్నారు?

త్యాగరాజస్వామి సంగతి చెప్పనే లేదు. డిసెంబరు కచేరీల సీజన్లో ఈ ఊళ్లో ఏ సభకు వెళ్లినా తెలుగు కృతి లేని కచేరీ అరుదు. తమరి దగ్గర తెలుగు అని నొక్కితే సినిమా పాటలు మాత్రమే వస్తాయి. స్వామివారి కృతి వెతికి పట్టుకుంటే భాష దగ్గర తమిళం అని ఉంది. ఆయన ఉన్నది తిరువయ్యారులో కాబట్టి చిరునామా ప్రకారం వేశారు కాబోలు.

ఇక డబ్బు లెక్క. నేను కట్టే చందా నేను విన్నవారికి వెళ్తుందని ఇన్నాళ్లూ అమాయకంగా అనుకున్నాను. మీ వంశంలో చాలావరకు అందరి చందాలనూ ఒకే కుండలో పోసి, మొత్తం మీద ఏ పాట ఎన్నిసార్లు మోగిందో ఆ నిష్పత్తిలో పంచుతారట. అంటే మా వారు నెలంతా లీల గారిని విన్నా, ఆ సొమ్ములో సింహభాగం మేం ఎన్నడూ వినని ఎవరి పాటకో చేరుతుంది. ముప్పై సెకన్లు నడిస్తేనే విన్నట్టు లెక్క. మీ జ్ఞాతి స్పాటిఫై అయితే, ఏడాదిలో వెయ్యిసార్లయినా వినని పాటకు పైసా ఇవ్వబోమని 2024 నుంచి అమలు చేస్తోంది. మా వారు ఇష్టపడే మరుగున పడిన పాట ఒకదాన్ని ఆ వెయ్యి దాటించాలంటే ఆయన ఒక్కరే దాన్ని రోజుకు మూడుసార్లు, రక్తపోటు మాత్రల్లా పూటకొకటి చొప్పున తీసుకోవాలి.

ముప్పై సెకన్ల నియమం వచ్చాక పాటల వాటం కూడా మారింది. వెనకటి పాటల్లో పల్లవికి ముందు వయొలిన్లు బారులు తీరేవి. ఇప్పుడు గాయని తలుపు తట్టకుండానే లోపలికి వచ్చేస్తోంది. దీనికి తమరినొక్కరినే తిట్టను. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక వైపుకు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. ఆ మూడు నిమిషాల్లో కల్యాణి రాగం కుక్కిన మహావిద్వాంసులు ఉన్నారు. యంత్రం పాటను కత్తిరించడం కొత్త కాదు. కాకపోతే ఆ రోజుల్లో రికార్డు వరకే కత్తిరించారు, కచేరీలో నాలుగు గంటలు పాడుకున్నారు. రాగానికి మొదటి స్వరమైన ఆధార షడ్జం దగ్గరే ముప్పై సెకన్లు ఆగే విద్వాంసుడిని తమరి కొలువులో ఎవరు విన్నట్టు?

ఇంత రాశాక చందా మానేస్తానని అనుకుంటున్నారేమో. మానను. మా అత్తగారికి సుప్రభాతం ఎక్కడ నొక్కాలో వచ్చేసింది, మనవడు ఏనుగు లేనిదే నోరు తెరవడు. కాని వచ్చే మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లి ఉంది. ఆ రోజు తమరికి సెలవు. మైలాపూరు నుంచి నాదస్వరం మేళం మాట్లాడి బయానా ఇచ్చాం. మాంగల్యధారణ వేళ పురోహితుడు చెయ్యి ఎత్తగానే గట్టిమేళం అందుకుంటారు. ఆ వేళకు వాళ్లు వెతుక్కునే పని లేదు, ఎందుకంటే పెళ్లిలో ఉన్నారని వాళ్లకు తెలుసు. తమరు ఆ పూట మా అబ్బాయి జేబులో, శబ్దం తీసేసిన ఫోనులో, బుద్ధిగా కూర్చోవలసిందని ప్రార్థన. భోజనాల వేళ ఎవరైనా ఉత్సాహవంతులు తమరిని స్పీకరుకు కలిపితే, ఘంటసాల గారి పాటలు ఏవైనా పెట్టండి, ఒక్కటి తప్ప.

ఇట్లు,
మీ చందాదారు,
సాలిగ్రామం, చెన్నై