వాగుకు కట్ట పోస్తే ఊరు మునగదన్న మాటలో నిజమెంత?

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు వానాకాలం వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతుంది: "వాగుకు రెండు పక్కలా కట్ట పోసి, చెరువుల్లో పూడిక తీస్తే ఊరు మునగదు. ఉపాధి హామీ కూలీలతో నెలలో అయిపోతుంది. మిగతా ఖర్చుకు విపత్తు నిధి ఉంది. చేయించని సర్పంచ్ పైసలు తిన్నట్టే." 2023 జులైలో వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునగడం చూసినవాళ్లు దీన్ని నమ్మడం సహజమే. కానీ నమ్మి పని మొదలుపెడితే ఊరికే నష్టం.

కట్ట పోస్తే చాలన్నది మొదటి తప్పు. ముందు నీళ్ల లెక్క తేలాలి. ఆ జులై చివరి వారంలోనే ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. 10 చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద అది 65 లక్షల ఘనపు మీటర్లు. సగం ఇంకిపోయి, మిగిలింది రోజంతా ఒకే తీరుగా పారిందనుకున్నా సెకనుకు దాదాపు 38 ఘనపు మీటర్లు. వాన అలా పడదు కాబట్టి అసలు ఉధృతి దీనికన్నా ఎక్కువే. ఆ నీళ్లు చేరే చెరువుకు 20 మీటర్ల మత్తడి (చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే దారి) ఉందనుకుందాం. దాని మీద మీటరు ఎత్తున నీళ్లు దుంకితే సెకనుకు పోయేది 34 ఘనపు మీటర్లు మాత్రమే. మిగిలింది చెరువులో పెరిగి, కట్ట మీదుగా పొర్లుతుంది. పొర్లిన మట్టి కట్టకు గండి పడటానికి ఎంతోసేపు పట్టదు. మనవి గొలుసుకట్టు చెరువులు, పైది తెగితే కిందివాటి మీద పడుతుంది.

వాగు కట్టతో ఇంకో చిక్కుంది. ఊళ్లో పడ్డ వాన నీళ్లు కట్ట లోపలే ఆగిపోతాయి. కట్ట కింద పైపు వేసి, వాగు వైపు మూతిన వెనక్కి నీళ్లు రాకుండా మూసుకునే తలుపు పెట్టకపోతే, వాగు పొంగకుండానే ఇళ్లలోకి నీళ్లొస్తాయి. ఒక్క ఒడ్డుకే కట్ట వేస్తే అవతలి ఊరు మునుగుతుంది. ఉత్త రేగడి మట్టితో పోస్తే ఎండాకాలం పర్రెలు పడి, తొలి వరదకే బుంగలు పడతాయి.

పూడిక తీత సాగుకు మేలు. వరదకు మాత్రం చెరువు అప్పటికే మత్తడి దాకా నిండి ఉంటే, అడుగున ఎంత తవ్వినా లాభం లేదు. కట్ట అడుగు పక్కనే తవ్వితే ఊట పెరిగి కట్టకే ముప్పు.

ఇక "నెలలో అయిపోతుంది" అన్నమాట. పైన 2 మీటర్లు, అడుగున 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తుతో కిలోమీటరు కట్టకు 12,000 ఘనపు మీటర్ల మట్టి కావాలి. మనిషి రోజుకు ఒకటిన్నర ఘనపు మీటర్లు తవ్వి పోసినా 8,000 పనిదినాలు. వందమందికి 80 రోజులు. అది కూడా ఉత్త పోత. కట్ట నిలవాలంటే జానెడు మందం పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలర్‌తో తొక్కించాలి. 2005 ఉపాధి హామీ చట్టం వరద నివారణ పనులకు చోటిచ్చింది కానీ, ఖర్చులో కనీసం 60 శాతం కూలికే పోవాలంది. కాంక్రీటు మోరీ, రాతి కట్టుబడి ఎక్కువున్న పని ఆ లెక్కలో ఇమడటం కష్టం.

విపత్తు నిధి గురించి చాలామందికి తెలియనిది ఇదే. రాష్ట్ర విపత్తు స్పందన నిధి వరద వచ్చాక సాయానికి, మరమ్మతులకు. ముందు జాగ్రత్త పనులకు వేరే ఉపశమన నిధి ఉంది. 2021-26కు రాష్ట్రాల విపత్తు నిధుల మొత్తంలో 20 శాతం 15వ ఆర్థిక సంఘం దానికి కేటాయించింది. అది పంచాయతీ ఖాతాలో నేరుగా పడదు. గ్రామసభ తీర్మానం కావాలి, నీటిపారుదల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)తో లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు తీయించాలి, అంచనాకు సాంకేతిక, పరిపాలనా మంజూరులు రావాలి, ఆ తర్వాతే టెండర్. ఇది అక్టోబర్‌లో కదిలితేనే ఎండాకాలంలో మట్టి పని చేయగలరు. అంచనాకు బలం రావాలంటే వరద తగ్గిన రోజే గోడల మీద నీటి గుర్తుకు రంగు గీత పెట్టి, బడి గచ్చు నుంచి దాని ఎత్తు కొలిచి, తేదీతో ఫొటో తీసి పెట్టాలి.

సర్పంచ్‌ను నిలదీయొద్దని కాదు. వాగు మీద పెద్ద కట్ట ఎందుకు కట్టలేదని కాకుండా, ఆయన చేతిలో ఉన్నదాని మీద అడగండి. మోరీల్లో చెత్త మే నెలలోనే తీశారా? ఒక్కొక్కటీ 600 మిల్లీమీటర్ల పైపులు రెండే ఉన్న మోరీ మార్చాలని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాశారా? కట్ట మీద తుమ్మ చెట్లు పెరుగుతున్నాయని నీటిపారుదల శాఖకు కాగితం పెట్టారా? మత్తడికి చేపలు పోకుండా కట్టిన జాలీ, నీళ్లు ఆపడానికి వేసిన ఇసుక బస్తాలు నీటి దారిని మూస్తాయి. అవి కనిపిస్తే మత్స్యకారుల సంఘంతో, ఆయకట్టు రైతులతో మాట్లాడి వాన పడకముందే తీయించమనండి. దానికి ఏ నిధీ అక్కర్లేదు.